మంటలు తగ్గిన పాదాలు

కార్తీకం పొద్దుటి చలి ఇంకా వదల్లేదు. రాములమ్మ తడిగుడ్డతో ముందుగది తుడుచుకుంటూ వచ్చి, పూజగది గడప దగ్గర ఆగిపోయింది. గచ్చు మీద ఎర్రటి మరకలు. పొద్దున్నే పీఠం ముందు చల్లిన కుంకుమ కాళ్ళకు అంటుకుని ఉంటుందనుకుని గుడ్డ పెట్టి రాసింది. కుంకుమైతే పొడిపొడిగా లేచిపోవాలి. ఇది జిగటగా సాగి గుడ్డకు అంటుకుంది.

మరకలు పీఠం దగ్గర మొదలై, వాకిట్లో తులసి దాకా వెళ్ళి తిరిగి వచ్చాయి. అన్నీ కుడికాలివే.

ఇంటి మీదుగా విమానం దిగుతూ పోయింది. ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్ళయింది. ఆ చప్పుడు వచ్చినప్పుడు మాట ఆపడం, పోయాక మళ్ళీ అందుకోవడం మామిడిపల్లిలో అందరికీ అలవాటైపోయింది. చప్పుడు తగ్గేదాకా చూసి రాములమ్మ భర్తను పిలిచింది.

"స్వామీ, జర ఆ కాలు చూపియ్యి."

కుర్మయ్య నల్లలుంగీ సర్దుకుంటూ వచ్చాడు. నుదుట విభూతి, మెడలో మాల. మాల వేసుకున్నాక కట్టుకున్న భార్యకైనా ఆయన స్వామే. పోయిన వారం కొడుకు మహేష్ కూడా మొదటిసారి మాల వేసుకోవడంతో ఇంట్లో ఇద్దరు స్వాములయ్యారు. ఇద్దరి మీదా కసురుకోవడానికి లేదు. ఇద్దరికీ వేరే గిన్నెల్లో వండి, ముందు వాళ్ళకు పెట్టి, వాళ్ళు తిన్నాక తను తినాలి.

"ఏ కాలు?" అన్నాడు కుర్మయ్య.

"నెత్తురు కారే కాలు."

ఆయన ఆశ్చర్యంగా కిందికి చూసుకున్నాడు. అరుగు మీద కూర్చుని కుడికాలు పైకెత్తాడు. రాములమ్మ మోకాళ్ళ మీద వంగి చూసింది. బొటనవేలి కింద ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఆనెకాయ మధ్యలో చీలిపోయి ఉంది. చుట్టూ తోలు తెల్లగా నానిపోయి, లోపల చిటికెన వేలు దూరేంత గుంత. మాల వేసుకునే ముందురోజు ఆయన బ్లేడుతో ఆ ఆనెను చెక్కుకోవడం ఆమెకు గుర్తుంది.

"గింత పుండైంది, నీకు తెల్వదా?"

"నొప్పిలేదు గద. నొప్పి లేందానికి ఏంది నీ పరేషాను?"

నొప్పి లేదు. ఆ మాట ఆయన గొప్పగానే అన్నాడు, అందుకు కారణమూ ఉంది. కుర్మయ్యకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట్లో రెండు పాదాలూ ఒకటే మంటలు. నిప్పుల మీద పెట్టినట్టుందని తడి గోనెసంచి చుట్టుకునేవాడు, చల్లటి గోడకు కాళ్ళు ఆనించి పడుకునేవాడు. రాములమ్మ వేపాకు నూరి పూసేది, మజ్జిగ పోసేది. మూడేళ్ళ కిందట శబరిమల వెళ్ళి వచ్చాక ఆ మంటలు మెల్లగా తగ్గి, చివరికి పూర్తిగా పోయాయి. కొండెక్కి వచ్చిన కాళ్ళు కాబట్టి స్వామే చల్లబరిచాడన్నాడు కుర్మయ్య. రాములమ్మా నమ్మింది. గుడికి వెళ్ళి కొబ్బరికాయలు కొట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటినుంచి కొత్తగా మాల వేసుకున్న ప్రతి స్వామికీ కుర్మయ్య తన కాళ్ళ సంగతి చెప్తూనే ఉన్నాడు. ఎయిర్‌పోర్టు రోడ్డు పొడుగునా మొక్కలు పెంచే పని ఆయనది. దీక్షలో ఎండకు కాగిన తారు మీదా, కాగితంపూల ముళ్ళ మీదా ఆయన చెప్పుల్లేకుండా నడుస్తుంటే తోటి మాలీలు దండం పెట్టేవాళ్ళు.

"బాపుకు నొప్పి లేదట. ఆ నొప్పంత నాకే ఇచ్చిండు దేవుడు" అంటూ లోపలినుంచి కుంటుకుంటూ వచ్చింది కూతురు శిరీష.

ఆమె ఎయిర్‌పోర్టు లోపల కాఫీ కౌంటరులో పని చేస్తుంది. షిఫ్టంతా నిలబడే ఉండాలి. రెండు నెలలుగా మడమ నొప్పి. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు ఉంటుంది. రాజేంద్రనగర్ అవతల పాదాలకు మాత్రమే చూసే డాక్టరమ్మ ఉందని ఎవరో చెబితే వెళ్ళివచ్చింది. మడమ కింద నరం పట్టేసిందనీ, మెత్తటి చెప్పులు వేసుకొమ్మనీ, నీళ్ళు గడ్డకట్టించిన సీసా మీద పాదం దొర్లించమనీ చెప్పి పంపింది ఆవిడ. ఆ సీసాను చూసి ఇంట్లో అందరూ నవ్వారు.

శిరీష తండ్రి పాదం చూసింది. నవ్వు పోయింది.

"బాపు, ఆ డాక్టరమ్మ దగ్గర గోడకు బొమ్మలున్నయి. షుగరున్నోళ్ళ కాళ్ళయి. అచ్చం గిట్లనే ఉన్నయి. ఇయ్యాల్నే పోదాం లే."

"దీక్షల దవాఖాన ఏంది? మాల తీసినంక పోదాం" అన్నాడు కుర్మయ్య.

మహేష్ అప్పుడే క్యాబు కడిగి లోపలికి వచ్చాడు. అతను ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతాడు. చెల్లెలి మాట విని ముఖం చిట్లించాడు. "బాపు మాలేసుడు ఇది పద్దెనిమిదో ఏడు. ఈసారి పడి ఎక్కితే కొండ మీద కొబ్బరిమొక్క నాటాలె. ఊరంత ఎదురుచూస్తున్నరు. నువ్వు ఒట్టిగ భయపెట్టకు."

రాములమ్మ కొడుకు ముఖమూ, కూతురు ముఖమూ చూసింది. ఆ సాయంత్రం బతిమాలి బతిమాలి భర్తను వీధిచివరి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను పైన పొడి చల్లి కట్టుకట్టి, "ఏం కాదమ్మా, ఆరిపోతది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ఆ రాత్రి నిద్రపోగలిగింది.

పుండు ఆరలేదు. కట్టు మీద రోజూ తడి కనిపించేది. రోజుకు ఒకపూట భోజనం కాబట్టి షుగరు మాత్రలు ఒక్కోసారి వేసుకునేవాడు, ఒక్కోసారి మరిచేవాడు. రాములమ్మ గురుస్వామి జంగయ్య ఇంటికి వెళ్ళింది. మొక్కి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది.

"నువ్వు చెప్తె ఇంటడు గురుస్వామీ. చెప్పులేస్కొమ్మను. దవాఖానకు పొమ్మను."

జంగయ్య మంచివాడే. చాలాసేపు ఆలోచించాడు. "బీమారుంటె చెప్పులేస్కోవచ్చు తల్లీ, తప్పులేదు. నేను చెప్త. కానీ కుర్మయ్య స్వామి మొండిమనిషి. నా మాట మీద ఏస్కుంటడని అనుకోను."

ఆయన చెప్పాడు. కుర్మయ్య నవ్వి, "నా కాళ్ళు ఆ స్వామివే, ఆయనే చూస్కుంటడు" అన్నాడు. జంగయ్య మళ్ళీ చెప్పలేదు. రాములమ్మకు ఇంకెవరి దగ్గరికి వెళ్ళాలో తోచలేదు. పొద్దున లేచి గచ్చు తుడవడం, మరకలు పెద్దవవుతుంటే చూడడం, అంతవరకే ఆమె చేతిలో ఉన్నట్టుంది.

మూడు వారాలయ్యాక ఒక ఆదివారం ఇంట్లో భిక్ష పెట్టారు. వచ్చిన స్వాములను వాకిట్లో వరసగా నిలబెట్టి, కాళ్ళు కడిగి, లోపలికి తీసుకెళ్ళి భోజనం వడ్డించాలి. చలిగా ఉందని రాములమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. వంట హడావిడిలో చల్లనీళ్ళు కలపడం మరిచిపోయి, చెంబుతో తెచ్చి ముందుగా జంగయ్య పాదాల మీద పోసింది.

ఆయన ఎగిరి వెనక్కి గెంతాడు. "అమ్మో, తల్లీ! సలసల కాగుతున్నయి!"

"అయ్యో, తప్పైపాయె స్వామీ" అంటూ ఆమె బకెట్టు కోసం తిరిగింది.

కుర్మయ్య ఆమె చేతిలోంచి చెంబు అందుకున్నాడు. గురుస్వామి చిన్నబుచ్చుకోకుండా మాట మార్చాలనో, తన కాళ్ళ మహిమ చూపించాలనో. "ఏడ కాగుతున్నయి? సల్లగనే ఉన్నయి గద" అని మిగిలిన నీళ్ళన్నీ తన రెండు పాదాల మీదా మెల్లగా కుమ్మరించుకున్నాడు.

పాదాల మీద తోలు చూస్తుండగానే కందిపోయింది. ఆవిరి పైకి లేస్తోంది. ఆయన ముఖంలో కదలిక లేదు. వెనక ఎవరో "స్వామియే శరణమయ్యప్ప" అన్నారు. మిగతావాళ్ళు గొంతు కలిపారు.

రాములమ్మ ఆ శరణాల్లో గొంతు కలపలేదు. వేడినీళ్ళకు కట్టు ఊడి కిందికి జారింది. ఆమె గబుక్కున కూర్చుని ఆయన మడమ పట్టుకుని పైకి లేపింది. పుండు నల్లబడింది. వాసన వస్తోంది. ఆ గుంతలో సన్నగా ఏదో మెరుస్తోంది. గోటితో పట్టి లాగింది. మొక్కలకు ఊతకర్ర కట్టే ఇనుపతీగ ముక్క, వేలి పొడవున, బయటికి వచ్చింది.

ఆయన పక్కనున్న స్వామితో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె లాగినట్టే తెలియలేదు.

"చూడు" అంది రాములమ్మ. "ఇది నీ కాల్ల నుంచి తీసిన. చూడయ్యా."

చాలా రోజులుగా ఆయనను ఆమె అయ్యా అనలేదు. శరణాలు ఆగాయి.

"అమ్మా!" అన్నాడు మహేష్. "స్వాములంత ఆకలి మీదున్నరు. ఇప్పుడేంది ఇది?"

"నీ బాపు కాలు సచ్చిపోయింది బిడ్డా. కాలుతున్న నీళ్ళు పోస్కుంటె తెల్వలే. ఇనుము గుచ్చుకుంటె తెల్వలే. మీరు శరణాలు చెప్తున్నరు."

పొద్దుటి షిఫ్టు ముగించుకుని శిరీష సరిగ్గా అప్పుడే గేటు తీసింది. తల్లి చేతిలో తీగ, తండ్రి కందిన పాదాలు చూసింది. బ్యాగు అక్కడే పడేసింది.

"అన్నా, కారు తియ్యి."

"కూసో శిరీషా. భిక్ష కానీ" అన్నాడు కుర్మయ్య.

"నువ్వు కూసున్నవు చాలు. నా మడమ నొస్తున్నదని నేను ఉరికిన డాక్టరు దగ్గరికి. నీకు నొస్తలేదు, అందుకే ఇంత దాక వచ్చింది. నొస్తె నువ్వు ఎప్పుడో పోతుంటివి."

"మాల మీదున్న మనిషిని పట్టుకుని సచ్చిన కాలు, కుళ్ళిన కాలు అంటరా?" కుర్మయ్య గొంతు లేచింది. "ఇంకెన్ని రోజులు? పదిరోజులల్ల ఇరుముడి కట్టుకుంట. పద్దెనిమిదేండ్లు మోసిన నేను. ఇప్పుడు తీసేస్తె ఊర్ల తలెత్తుకుంటనా? నా కొడుకును కొండ ఎవరు ఎక్కిస్తరు?"

"కాలే లేకపోతె ఎట్ల ఎక్కుతవు?" అంది శిరీష.

మహేష్ చెల్లెలి భుజం పట్టి పక్కకు లాగాడు. "నోరు మూస్కో. దీక్షల గసుంటి మాటలు మాట్లాడకు."

జంగయ్య నెమ్మదిగా, "పోయిరా కుర్మయ్యా. అవసరమైతె మాల నేనే తీస్త. దోషం లేదు" అన్నాడు.

"రేపు పడిపూజ అయినంక చూద్దాం గురుస్వామీ" అని కుర్మయ్య పాదం దులుపుకుని లోపలికి నడిచాడు. తడి పాదముద్రలు ఆయన వెంటే వెళ్ళాయి. స్వాములు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వెనక వెళ్ళారు. రాములమ్మ లేచి చేతులు కడుక్కుని, కళ్ళు తుడుచుకుని వడ్డించింది. వడ్డించక ఏం చేస్తుంది? ఆమె చేతికి అంటిన వాసన మాత్రం సబ్బుకు పోలేదు. వంటింటి గుమ్మంలో శిరీష గోడకు ఆనుకుని ఏడుస్తోంది. తల్లి పక్కన నిలబడింది.

పడిపూజ జరిగింది. ఆ మర్నాడు పొద్దున కుర్మయ్య చన్నీళ్ళ స్నానానికి లేవలేదు. రాములమ్మ వెళ్ళి చూస్తే చాప మీద గజగజ వణుకుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. కుడికాలు పిక్క దాకా వాచి, పాదం నీలంగా మారి ఉంది. కళ్ళు తెరిచి, "రాములూ, ఇది నా కాలేనా?" అన్నాడు.

ఆమె కేకకు మహేష్ పరుగెత్తుకు వచ్చాడు. తండ్రిని ఒక్కడే ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు. శిరీష ముందు సీట్లో కూర్చుని డాక్టరమ్మ దగ్గరికి దారి చెప్పింది. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే వాళ్ళెవరివో ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అతను ఒక్కటీ ఎత్తలేదు. దారంతా తల్లి ఒళ్ళో ఉన్న తండ్రి ముఖాన్ని అద్దంలో చూస్తూ నడిపాడు.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పాదం చూశాక ఆ ముఖం మారింది. సూదిమందు ఎక్కించమని నర్సుకు చెప్పి, కుర్మయ్యతో అంది: "పెద్దాయనా, మీరు కళ్ళు మూసుకోండి. ఈ దారంతో మీ పాదాన్ని అక్కడక్కడా తాకుతాను. తాకినట్టు తెలిసినప్పుడల్లా 'ఆ' అనండి. సరేనా?"

కుర్మయ్య బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ సన్నటి గట్టి దారాన్ని ముందు పుండు లేని ఎడమకాలి మీద పెట్టింది. బొటనవేలి కింద, చిటికెన వేలి కింద, పాదం మధ్యలో, మడమ మీద. దారం వంగేదాకా నొక్కింది. తర్వాత కుడికాలికి వెళ్ళింది. పుండు చుట్టూ, వేళ్ళ మీద, మడమ మీద. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. పెదవులు తడుపుకుంటూ, చెవులు రిక్కించి, పిలుపు కోసం చూస్తున్నవాడిలా కూర్చున్నాడు.

డాక్టరమ్మ దారం పక్కన పెట్టింది.

కొంతసేపు ఆగి కుర్మయ్య అన్నాడు: "మొదలుపెట్టుండ్రి మేడం."

రాములమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. మహేష్ గోడవైపు తిరిగాడు.

"అయిపోయింది పెద్దాయనా. కళ్ళు తెరవండి."

ఆయన కళ్ళు తెరిచి భార్య ముఖం చూశాడు, కూతురి ముఖం చూశాడు. అర్థమైంది. అయినా అడిగాడు. "నాకు ముందు బాగ మంటలుండె మేడం. మూడేండ్లాయె, తగ్గినయి. మొత్తానికే తగ్గినయి. అయ్యప్ప..." అని ఆగాడు.

"తగ్గలేదండీ" అంది ఆవిడ, ఎంత మెల్లగా చెప్పొచ్చో అంత మెల్లగా. "షుగరు వల్ల నరాలు ముందు మండుతాయి. తర్వాత చచ్చిపోతాయి. మంటలు తగ్గడం కాదు, తెలియడం ఆగిపోయింది. నొప్పి లేకపోయేసరికి మీరు బాగుందనుకున్నారు. షుగరున్నవాళ్ళు రోజూ అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోవాలి. ఆనెకాయ వచ్చినా, చిన్న పొక్కు వచ్చినా, గోరు లోపలికి పెరిగినా ఇంట్లో బ్లేడు పెట్టకుండా మాలాంటివాళ్ళ దగ్గరికి రావాలి. కొంచెం ముందొచ్చి ఉంటే పుండు శుభ్రం చేసి పంపేదాన్ని."

"ఇప్పుడు?" అన్నాడు మహేష్.

"రెండు వేళ్ళు తీసెయ్యాలి. పాదం కింద కొంత కండ కూడా. కాలు నిలబెట్టడానికి చేయగలిగినంతా చేస్తాం."

కుర్మయ్య తన మూడేళ్ళ భాగ్యాన్ని ఎవరో కళ్ళ ముందు తీసుకుపోతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. రాములమ్మకు ఆ కాలికన్నా ఆ చూపే భరించరానిదయింది. గుడిలో కొబ్బరికాయలు కొట్టింది తనే కదా. తను కూడా ఆయనతో కలిసి సంతోషపడింది కదా.

మహేష్ ఫోను చేస్తే జంగయ్య ఆటోలో వచ్చాడు. ఆపరేషను గది బయట, మంచం మీద పడుకున్న కుర్మయ్య మెడలోంచి తన చేతులతో మాల తీశాడు. "నేను చెప్పి ఊకున్న కుర్మయ్యా. గట్టిగ పట్టుకోకపోతి" అంటూ ఆయన కూడా ఏడ్చాడు. మహేష్ మంచం అంచు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "నేనే బాపూ. చెల్లె మొత్తుకుంటుంటె నేనే నోరు మూపించిన. మొక్కనాటుడు, ఊరు అనుకుంట..."

కుర్మయ్య కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు. "నా కాలు నాకే తెల్వలే. నీకెట్ల తెలుస్తది బిడ్డా."

కాలు దక్కింది. రెండు వేళ్ళూ, పాదంలో కొంత భాగమూ పోయాయి. ఇంటికి వచ్చాక కూడా మంచం దిగొద్దన్నారు.

ఇరుముడి కట్టే రోజు వచ్చింది. మహేష్ వెళ్ళనన్నాడు. మాల తీసేస్తానన్నాడు. కుర్మయ్య ఒప్పుకోలేదు. "ఏసిన మాల నడిమిట్ల తీయకు. గురుస్వామి తోటి పో. కానీ నా మాట ఒకటి ఇను. రోజు పొద్దుగాల, పొద్దుమీకి, కాళ్ళు కింది నుంచి చూస్కో. ముల్లు గుచ్చితె గుచ్చిందని చెప్పు, సిగ్గుపడకు. దెబ్బ తాకితె చెప్పులేస్కో. ఎవరన్న ఏమన్న అంటె, మా బాపు చెప్పిండను." తర్వాత కూతురివైపు తిరిగాడు. "వచ్చినంక వీనికి గూడ షుగర్ చూపియ్యి శిరీషా. నీ మాటే ఇంటం ఇగ, అందరం."

శిరీష తలూపింది.

తలమీద ఇరుముడితో బయలుదేరే ముందు మహేష్ మంచం దగ్గరికి వచ్చాడు. వంగి తండ్రి కాళ్ళకు మొక్కాడు. ఎడమ పాదం మీద చెయ్యి వేశాడు, కుడివైపు కట్టు మీద వేళ్ళు తాకించాడు. లేచి, వెనక్కి తిరగకుండా వెళ్ళాలి కాబట్టి అలాగే గేటు దాటాడు. శరణాలు వీధి మలుపు తిరిగి దూరమయ్యాయి.

కుర్మయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. "పోరడు మొక్కిండా రాములూ?" అన్నాడు.

"మొక్కిండు గద. రెండు కాళ్ళు ముట్టుకున్నడు."

"నాకు తెల్వలే."

ఆయన కళ్ళ కొసలనుంచి నీళ్ళు జారాయి. "ఆ మంటలే ఉన్నా బాగుండు. వాడు ముట్టుకున్నది తెలుస్తుండె."

రాములమ్మ మంచం అంచున కూర్చుంది. ఆయన ఎడమ పాదం మీద తన అరచేయి పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చేయి కొంచెం పైకి జరిపింది. చీలమండ దగ్గర ఆపింది. ఆయన మాట్లాడలేదు. ఇంకాస్త పైకి, పిక్క మీదికి తెచ్చి గట్టిగా పట్టుకుంది.

"ఆ" అన్నాడు కుర్మయ్య. "గీడ. గీడ తెలుస్తున్నది."

రాములమ్మ చెయ్యి అక్కడే ఉంచింది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వస్తున్నా లేవలేదు.